నాలుగెకరాల పంటను గడీకి పోనివ్వని పాలకుర్తి ఐలమ్మ

నడుముకు కొంగు బిగించి, కర్ర చేతబట్టి నిలబడిన చాకలి ఐలమ్మ విగ్రహాలు వరంగల్లు, జనగామ ప్రాంతాల్లో ఎన్నో ఊళ్ళలో కనిపిస్తాయి. ఏటా సెప్టెంబరు 10న ఆమె వర్ధంతికి, అదే నెల 26న జయంతికి ఆ విగ్రహాలకు పూలదండలు పడతాయి. ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ మనిషి వెనుక ఉన్న ఇల్లు మాత్రం ఉపన్యాసాల్లో అంతగా కనిపించదు. కొడుకులు, ఒక కూతురు, తర్వాత మనుమలు, మనుమరాళ్ళతో నిండిన ఇల్లు అది. ఐలమ్మ పోరాటం ఆ ఇంటి తిండిగింజల దగ్గర మొదలయింది. దెబ్బ కూడా ముందు ఆ ఇంటికే తగిలింది.

ఐలమ్మ 1895లో వరంగల్లు జిల్లా రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టింది. తల్లి మల్లమ్మ, తండ్రి ఓరుగంటి సాయిలు. పేరు విన్నంతనే ఈ ప్రాంతం వారికి ఐలోని మల్లన్న గుర్తుకు వస్తాడు. ఆ మల్లన్నకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు ఐలయ్య, ఐలమ్మ అని పేర్లు పెట్టుకోవడం మన పల్లెల్లో తరతరాల వాడుక. పుస్తకాల్లో కొందరు ఇలమ్మ అని రాస్తారు గాని, ఊళ్ళో ఐలమ్మ అనే అంటారు.

ఆనాటి ఆచారం ప్రకారం చిన్న వయసులోనే పెళ్ళయింది. భర్త పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహ. పాలకుర్తి పేరున్న ఊరు. గుట్ట మీద సోమేశ్వరుడు వెలసిన ఊరు. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుని ఊరు. పోతన పుట్టిన బమ్మెర ఆ పక్కనే ఉంది. ఇంత పేరున్న ఊరికి కోడలుగా వచ్చిన ఐలమ్మకు మాత్రం తెల్లవారితే చాకిరేవు, పొద్దుగూకితే చాకిరేవు.

మూటలు మోసిన బతుకు

ఇప్పటి పిల్లలకు ఆ పని ఎంత బరువైనదో తెలియకపోవచ్చు. ఇల్లిల్లూ తిరిగి మాసిన బట్టలు మూటగట్టాలి. చెరువుకో వాగుకో మోసుకుపోవాలి. చౌడుమన్ను కలిపి బానల్లో ఉడకబెట్టాలి. బండకేసి ఉతికి, ఆరేసి, మడతపెట్టి, జీడిగుర్తులు చూసుకుని ఎవరి బట్టలు వారికి అప్పజెప్పాలి. పురిటింటి బట్టలూ వారే ఉతకాలి, చావింటి బట్టలూ వారే ఉతకాలి. పెళ్ళి ఊరేగింపులో దివిటీ పట్టేదీ వారే. దీనికంతటికీ దక్కేది కల్లాల దగ్గర ఏడాదికోసారి కొలిచే గింజలు, రాత్రిపూట ఇల్లిల్లూ తిరిగితే గిన్నెలో వేసే ఇంత అన్నం.

రైతుల ఇళ్ళలో ఆ గింజలైనా దక్కేవి. దొరల ఇళ్ళలో అదీ లేదు. అక్కడ జరిగేది వెట్టి. నిజాం పాలనలో దేశ్‌ముఖ్, పటేలు, పట్వారీల ఇళ్ళకు చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, గొల్ల, గౌడ అందరూ కూలి లేకుండా చాకిరీ చేయాల్సిందే. చాకలివారు బట్టలు ఉతకడంతో పని తీరేది కాదు. గడీలో బాసాన్లు తోమాలి, మూటలు మోయాలి, చుట్టాలు వస్తే వారికీ చేయాలి. పొలం పనుల రోజుల్లో అందరికంటే ముందు దొర పొలంలోకే దిగాలి. సొంత పని ఏదయినా ఉంటే ఆ తర్వాతే.

పాలకుర్తికి దగ్గరలోని విస్నూరులో దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి గడీ ఉండేది. ఆయన అధికారం 60 గ్రామాల మీద నడిచేది. చేతిలో 40,000 ఎకరాలు ఉండేవని ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో రాశారు. విస్నూరులో పోలీసు ఠాణా ఉండేది గాని, ఠాణా ఎవరి మాట వింటుందో చుట్టుపట్ల అందరికీ తెలుసు. పాలకుర్తిలో దొరకు కుడిభుజం పట్వారీ వీరమనేని శేషగిరిరావు. పట్వారీ కలం అంటే ఆ రోజుల్లో దొర తుపాకి కంటే తక్కువదేమీ కాదు. ఫలానా భూమి ఫలానావారిదని రాసేదీ ఆ కలమే, కొట్టేసేదీ ఆ కలమే.

ఆ రోజుల్లో ఈ ప్రాంతమంతా జనగామ తాలూకా కింద, నల్లగొండ జిల్లాలో ఉండేది. తర్వాత వరంగల్లు జిల్లాలో చేరింది. 2016లో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు పాలకుర్తి అందులోకి వచ్చింది. పాత కాగితాల్లో నల్లగొండ జిల్లా అని కనబడితే తప్పు రాశారనుకోవద్దు.

భూమి పట్టిన చాకలి

కొడుకులు ఎదిగారు. ఇంట్లో పనిచేసే చేతులు పెరిగాయి, తినే నోళ్ళూ పెరిగాయి. కల్లం గింజలతో, గిన్నెడన్నంతో అంతమంది కడుపు నిండే దారి లేదు. అప్పుడు ఐలమ్మ తన కులంలో ఆ రోజుల్లో ఎక్కువమంది తలపెట్టని పనికి పూనుకుంది. మల్లంపల్లి మక్తేదారు కొండలరావుకు పాలకుర్తిలో ఉన్న భూమిలో 40 ఎకరాలను కౌలుకు తీసుకుంది. అందులో 4 ఎకరాలు సాగులోకి తెచ్చింది.

40 తీసుకుని 4 ఎకరాలేనా సాగు చేసింది అని ఎవరికయినా అనిపించవచ్చు. సేద్యం తెలిసినవారికి ఆ అనుమానం రాదు. పోగుచేసిన పెట్టుబడి లేని కుటుంబం రెక్కల కష్టంతో 4 ఎకరాల పంట తీసిందంటేనే గొప్ప.

ఆ 4 ఎకరాలే ఊళ్ళో పెద్దల కళ్ళలో పడ్డాయి. చాకలి ఇంటివారు సొంతంగా సేద్యం చేసుకుంటే గడీకి చాకిరీ చేసేదెవరు? వీరిని చూసి రేపు మరొకరు, ఎల్లుండి ఇంకొకరు కౌలు పట్టరా? వారి ఉక్రోషంలో ఈ లెక్క ఉంది. 4 ఎకరాల పంట విస్నూరు గడీకి ఓ లెక్కలోనిది కాదు. కూలి లేని చేతులు పోతాయన్నదే వారి బెంగ.

పట్వారీ శేషగిరిరావు ఐలమ్మ కుటుంబాన్ని తన పొలంలో వెట్టికి రమ్మన్నాడు. రామని ఐలమ్మ చెప్పింది. పాలకుర్తిలో పట్వారీ ముఖం మీద ఆ మాట చెప్పగలిగిన ఇళ్ళు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

చీటీ సంఘం

ఆమెకు అంత ధైర్యం రావడానికి వెనుక ఒక అండ ఉంది. ఆంధ్ర మహాసభ అప్పుడు పల్లెల్లోకి వస్తూ ఉంది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన మహాసభలో సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. దానితో చదువుకున్నవారి సభ కాస్తా కూలీల, కౌలుదార్ల సంఘమయింది. నాలుగణాలు కడితే చీటీ ఇచ్చేవారు. అందుకే పల్లె జనం దాన్ని చీటీ సంఘమనీ, ఉత్తగా సంఘమనీ పిలుచుకున్నారు. వెట్టి చేయవద్దు, అక్రమ వసూళ్ళు కట్టవద్దు, దున్నే భూమి వదలవద్దు అన్నది సంఘం చెప్పిన మాట. ఐలమ్మ కుటుంబం సంఘంలో చేరింది. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లు ప్రతాపరెడ్డి, కట్కూరి రామచంద్రారెడ్డి వంటి నాయకులు పాలకుర్తి వచ్చిపోతూ ఉండేవారు. వారికి ఐలమ్మ ఇల్లు తెరిచిన తలుపు. ఇంట్లో ఉన్నదేదో పెట్టేది. గడీకి ఆ ఇల్లు కంట్లో నలుసయింది.

పాలకుర్తిలో సంఘం సభ పెట్టుకున్నప్పుడు దాన్ని చెడగొట్టడానికి దేశ్‌ముఖ్ తన మనుషులను పంపాడు. నాయకులు కయ్యానికి దిగకుండా తప్పుకున్నారు. అయినా దేశ్‌ముఖ్ మనిషిని చంపబోయారని ఎదురు కేసు పెట్టించారు. సంఘం నాయకులతోపాటు ఐలమ్మ ఇంటి మగవారినీ అందులో ఇరికించారు. కోర్టుల చుట్టూ తిరుగుడు మొదలయింది. ఆమెకు తోడుగా సంఘం నిలబడింది. యువ న్యాయవాదిగా ఉన్న కొండా లక్ష్మణ్ బాపూజీ ఆమె పక్షాన నిలిచినవారిలో ఒకరు.

మగవారు కేసుల్లో చిక్కుకుంటే ఇంటి గుట్టు చూసేదెవరు? అక్కడే ఐలమ్మ గట్టితనం బయటపడింది. ఆమె అప్పటికి పడుచు పిల్ల కాదు. యాభయ్యో ఏటికి చేరువలో ఉంది. ఎదిగిన కొడుకుల తల్లి. కోడళ్ళకు ధైర్యం చెప్పాలి, పంటకు కాపలా కాయాలి, కోర్టు వాయిదాలు గుర్తు పెట్టుకోవాలి. పొలం గట్టు మీద ఆమె ఉంది గనుకే ఆ ఏడు పంట చేతికొచ్చే దాకా నిలిచింది.

ఇక దేశ్‌ముఖ్ మరో దారి పట్టాడు. భూమి యజమాని కొండలరావును పిలిపించుకుని, ఐలమ్మ కౌలుకు చేస్తున్న భూమిని తన పేర రాయించుకున్నాడు. కాగితం చేతికి రాగానే ఆ భూమి తనదన్నాడు, దాని మీది పంటా తనదే అన్నాడు. దున్నిందెవరు, విత్తిందెవరు అన్న ప్రశ్నకు ఆ కాగితంలో చోటు లేదు. తర్వాత కోర్టు తీర్పు ఐలమ్మ వైపే వచ్చింది. ఈలోపు పంట పండింది. పండిన పంట తీర్పు కోసం ఆగదు గదా.

కోత రోజు

దేశ్‌ముఖ్ పొలానికి రెండు మూకలను పంపాడు. 100 మంది కర్రలు పట్టిన మనుషులు. వారి వెంట పంట కోయడానికి 100 మంది ఆడ, మగ పనివారు. పనివారు పాపం తమ ఇష్టంతో వచ్చినవారు కారు. వెట్టికి పిలిస్తే వచ్చినవారు. ఐలమ్మ ఏ చాకిరీ వద్దన్నదో ఆ చాకిరీతోనే ఆమె పంటను కోయించే ఏర్పాటు అది.

కబురు సంఘానికి చేరింది. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు మొదలైనవారు కలిసి 28 మంది కార్యకర్తలు పొలానికి బయలుదేరారు. 28 మందికీ కర్రలే ఆయుధాలు. తుపాకులు చేతికొచ్చిన కాలం అది కాదు. నూరుమంది గూండాలకు ఎదురుగా ఇంతమందే. లెక్కలు చూసేవారయితే వెనక్కి తిరిగిపోయేవారు.

వారు నినాదాలిస్తూ పొలంలోకి దూసుకుపోయారు. దొర మనుషులు కొంతసేపు కూడా నిలవలేదు. కర్రలు అక్కడే పడేసి పారిపోయినవారూ ఉన్నారు. కూలికి మనిషిని తెచ్చుకోవచ్చు గాని, దెబ్బ తినే ఓపికను తెచ్చుకోలేరు గదా. గూండాలు తోక ముడిచాక వెట్టిపనికి వచ్చినవారికి అక్కడ పని లేకపోయింది. సంఘం వారే కొడవళ్ళు పట్టి పంట కోసి, కొట్టి, ధాన్యాన్ని మోసుకుపోయి ఐలమ్మ ఇంట్లో పోశారు.

పాలకుర్తి ఆనాడు చూసింది ఇది. నిన్నటిదాకా రాత్రిపూట గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఇంటికి, ఇప్పుడు మూటలకు మూటలు ధాన్యం నడిచి వస్తోంది. సాయంత్రానికి పోలీసులు వచ్చారు. ఇంటి నిండా ధాన్యం, ఇంటి చుట్టూ జనం. ఆ ధాన్యాన్ని ముట్టుకునే ధైర్యం వారికి చాలలేదు.

కక్ష తీర్చుకోవడానికి గడీకి ఎంతోసేపు పట్టలేదు. మరునాడే సంఘం నాయకులు ఆరుగురిని అరెస్టు చేసి విస్నూరు ఠాణాకు తీసుకుపోయారు. రాత్రి అక్కడినుంచి గొలుసులు వేసి దేశ్‌ముఖ్ బంగళాకు తరలించారు. అక్కడ వారిని పెట్టిన హింసలు సుందరయ్య గ్రంథంలో ఉన్నాయి. అవి చదవడానికే కష్టంగా ఉంటాయి, ఇక్కడ రాయడం లేదు. అంత చేసినా భూమిని గాని, పంటను గాని గడీ దక్కించుకోలేకపోయింది.

ఇల్లు చెల్లించిన మూల్యం

నాయకుల కథ అక్కడితో మలుపు తిరిగితే, ఐలమ్మ కథలో అసలు చీకటి అప్పుడే మొదలయింది. ఆమె ఇంటిని తగలబెట్టారు. ఉన్న సామాను, గింజలు ఎత్తుకుపోయారు. ఆమె కూతురిపై అత్యాచారం జరిగింది. కొడుకులు ఇల్లు విడిచి తలదాచుకోవాల్సి వచ్చింది.

సభల్లో ఐలమ్మ గురించి మాట్లాడేవారు కోత రోజు గురించి గంటసేపు చెబుతారు. ఈ సంగతిని మాత్రం ఒక్క మాటలో దాటేస్తారు. చెప్పడానికి నోరు రాని సంగతి కాబట్టి దాటవేస్తారేమో. కాని ఆ తల్లి దాన్ని దాటవేయలేదు, ఆ ఇంట్లోనే బతకాలి. పొలం వదిలేస్తామని ఒక్క మాట గడీకి చేరవేసి ఉంటే ఆ బాధలు అప్పటితో ఆగిపోయి ఉండేవేమో. కౌలు వదులుకుని బతికిన కుటుంబాలు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి, వారిని తప్పుపట్టలేం. పిల్లల ప్రాణాలు చూసుకునే వారు తలవంచారు. ఐలమ్మకూ పిల్లలున్నారు. ఆమె పొలం వదల్లేదు. ఎన్ని రాత్రులు ఆమె నిద్రపోకుండా ఈ లెక్క వేసుకుని ఉంటుందో ఏ పుస్తకంలోనూ ఉండదు.

పట్వారీ ఇల్లు ఉన్న చోటనే మక్కలు పండిస్తానని ఆమె పంతం పట్టిందనీ, ఆ ఇంటిని కూలగొట్టి అక్కడ నిజంగానే మక్కజొన్న వేశారనీ పాలకుర్తిలో చెప్పుకుంటారు. తరాలు మారుతూ వచ్చిన కథలో ఎంత నిజం, ఎంత కోరిక కలిసిందో విడదీయడం కష్టం. ఆ కథను జనం ఇష్టపడి చెప్పుకుంటారన్నది మాత్రం నిజం.

ఐలమ్మ పంట ఇల్లు చేరిన వార్త చుట్టుపక్కల పల్లెలకు పాకింది. చాకలి ఆడమనిషి పంటనే దొర తీసుకోలేకపోతే మన పంట ఎట్లా తీసుకుంటాడన్న మాట నోటినోటా నడిచింది. వెట్టి మానేసే ఊళ్ళు పెరిగాయి. 1946 జులై 4న కడవెండిలో విస్నూరు దొర మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అక్కడినుంచి కర్రల పోరాటం తుపాకుల పోరాటమయింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించారు. ఆ అయిదేళ్ళలో సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పేదలకు పంచినట్టు ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు. అందులో కొంత భూమి తిరిగి పోయింది, కొంత నిలిచింది. 1950లో కౌలుదార్ల రక్షణకు హైదరాబాదు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఐలమ్మ కౌలు పట్టిన నాటికి అలాంటి చట్టం అండ లేదు.

ముసలితనం

పోరాటం ముగిశాక నాయకుల్లో కొందరు శాసనసభలకు, పార్లమెంటుకు వెళ్ళారు. ఐలమ్మ పాలకుర్తిలోనే ఉండిపోయింది. కొడుకులు, కోడళ్ళు, మనుమల మధ్య మామూలు పల్లె ముసలమ్మగా బతికింది. ఇంట్లోవారికి అవ్వ. ఊరికి ఐలమ్మ. విగ్రహాలు, జయంతులు అప్పటికి లేవు.

పోరాటంలో పాల్గొన్న ఆడవారి కథలను వారి నోటనే విని రాసుకోవాలని హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన మహిళలు పల్లెలు తిరిగారు. అలా సేకరించిన వాటిని మనకు తెలియని మన చరిత్ర అనే పేరుతో 1986లో పుస్తకంగా తెచ్చారు. చిట్యాల ఐలమ్మ చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు. 1985 సెప్టెంబరు 10న, తొంభయ్యో ఏట పాలకుర్తిలోనే కన్నుమూసింది.

ఆ తర్వాత పేరు పెరుగుతూ వచ్చింది. పాలకుర్తిలో విగ్రహం వెలిసింది. రజక సంఘాలు, రైతు సంఘాలు ఆమె పేర సభలు జరిపాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఆమె జయంతిని ప్రభుత్వమే జరపడం మొదలుపెట్టింది. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. చాకిరేవు మూటలు మోసిన మనిషి పేరు ఇప్పుడు అక్కడ చదివే ఆడపిల్లల పట్టాల మీద ఉంటోంది.

పాలకుర్తిలో ఆమె వారసులు ఉన్నారు. సెప్టెంబరులో దండలు వేసేవారు వచ్చి వెళ్ళిన కొన్ని వారాలకు ఊళ్ళో కోతలు మొదలవుతాయి. కోసిన వడ్లు ఎవరివి వారి ఇళ్ళకే చేరుతాయి.